ఇంటిపేరు తెలియని సర్వర్
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాది ఒకరకంగా పోస్టుమాస్టరు ఉద్యోగమే. కాకపోతే మా పోస్టాఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది. దాన్ని మెయిల్ సర్వర్ అంటారు. యూనిక్స్ కంప్యూటర్లలో చాలాకాలం ఆ పని చేసింది సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాం. బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ రాశాడు. 1983లో బర్క్‌లీ యూనిక్స్‌తోపాటు బయటికి వచ్చింది.

ఒక రాత్రి ఓ ఆఫీసు నుంచి ఫోన్. సర్వర్‌ని వేరే గదిలోకి మార్చారట. ఆన్ చేస్తే సెండ్‌మెయిల్ దగ్గరికొచ్చి తెర ఆగిపోతోంది. వాళ్లు అరనిమిషం చూడటం, ఆపేయడం, మళ్లీ ఆన్ చేయడం. చివరికి "అంతా చెరిపేసి కొత్తగా ఎక్కించేద్దాం సార్" అన్నారు.

వద్దన్నాను. క్యూలో ఉత్తరాలున్నాయి. ఒక సర్వర్ ఉత్తరాన్ని తీసుకున్నాక చేర్చే బాధ్యత దానిదే. పంపిన సర్వర్ తన దగ్గరున్న ప్రతిని తీసేస్తుంది. ఇప్పుడు డిస్కు చెరిపేస్తే ఆ ఉత్తరాలు పోయిన సంగతి పంపినవారికీ తెలియదు, అందాల్సినవారికీ తెలియదు.

"ఈసారి ఆపకుండా చూడండి" అన్నాను. ఒక నిమిషం తర్వాత అదే ముందుకు కదిలింది. లాగ్ ఫైలు తెరిచి చదవమన్నాను. నా పూర్తి పేరు తెలియడం లేదు, కాసేపు ఆగి మళ్లీ చూస్తాను అని రాసుంది!

తరగతిలో ముగ్గురు శ్రీనివాసులుంటే మాస్టారు ఇంటిపేరుతో పిలుస్తారు కదా. కంప్యూటర్‌కి డొమైన్ అలాంటి ఇంటిపేరు. సెండ్‌మెయిల్ లేవగానే రెండూ కలిపి తన పేరు చూసుకుంటుంది. కొత్త గదిలో పేర్లు చెప్పే డీఎన్‌ఎస్ అందడం లేదు. హోస్ట్స్ ఫైలులో చిన్న పేరొక్కటే ఉంది. చిరునామా పక్కన ముందు పూర్తి పేరు, తర్వాత చిన్న పేరు రాయించాను. మళ్లీ ఆన్ చేస్తే ఎక్కడా ఆగలేదు. డీఎన్‌ఎస్ కూడా సరిచేశాక క్యూలోని ఉత్తరాలు కదిలాయి.

సర్వర్ లేవకపోతే కారణాలు ఇంకా ఉంటాయి. 25వ నంబరు పోర్టును మరో ప్రోగ్రాం పట్టుకుని ఉండొచ్చు. డిస్కు నిండిపోయి ఉండొచ్చు. ఏదైనా సరే, చాలాసార్లు లాగ్‌లో ఒక వాక్యం రాసే ఉంటుంది.

ఆ వాక్యం ఇంగ్లిషులో ఉంటుంది. అదే మన తెలుగు మీడియం పిల్లలకు భయం. అర్థం తెలిసేలోపే స్విచ్ ఆపేస్తారు. అందుకే గురువులకు నాదొక మనవి. బడి కంప్యూటర్ గదిలో ఎర్రర్ వస్తే, ఆ వాక్యాన్ని పిల్లలచేత బిగ్గరగా చదివించండి, తర్వాతే స్విచ్ ముట్టుకోనివ్వండి. అర్థం చెప్పడానికి నెలకో శనివారం నేనొస్తాను. హెడ్‌మాస్టరు గారు ఏ శనివారమో చెబితే చాలు.

సెలవు.