బిందె ఉంది, పేరు లేదు
(కర్నూలు సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్మితా సభర్వాల్ మన సీమకు కొత్త మనిషి కాదు. మదనపల్లె సబ్ కలెక్టరుగా, కడప డీఆర్‌డీఏ పీడీగా, కర్నూలు జాయింట్ కలెక్టరుగా పనిచేశారు. అలాంటి అధికారి గురించి 2015లో ఔట్‌లుక్ పత్రిక ఏం రాసింది? అందమైన చీరలట, మీటింగుల్లో కంటికి విందట! పైగా ర్యాంపు మీద నడుస్తున్నట్టు బొమ్మ!

ఆమె లీగల్ నోటీసు పంపారు. కేసు ఖర్చులకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన 15 లక్షలు తిరిగి కట్టాలని 2022లో హైకోర్టు తీర్పిచ్చింది. ఐఏఎస్‌కే ఇంత కష్టమైతే జూనియర్ అసిస్టెంటు, అంగన్‌వాడీ టీచరు ఎవరితో చెప్పుకోవాలి?

ఇంగ్లీషు పత్రికను తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఉద్యమం పేరు చెప్పుకునే మనమూ తక్కువ తినలేదు. ఆదోని, పత్తికొండ ఆడవాళ్ల ఖాళీ బిందెల ఫొటో వేస్తాం, కింద పేరు రాయం. మైకు పట్టిన మగవాళ్ల పేర్లు మాత్రం ఇంటిపేర్లతో సహా అచ్చవుతాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడిక చూపించి వాటా అడిగే మనం, సీమలో సగమైన ఆడవాళ్లకు మన పేజీలో ఎంత వాటా ఇస్తున్నాం?

ఇకనైనా బిందె మోసిన మనిషి పేరు, ఊరు, ఆమె మాట అచ్చు వేద్దాం.

జై రాయలసీమ!