నొప్పిని దాచుట తపస్సు కాదు



మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వరుని సన్నిధిలో నేడు మనము ప్రాణమును గూర్చి ముచ్చటించుకొందము. ఇంద్రియములకు తమలో ఎవరు గొప్ప అను వివాదము పుట్టినదట. వాక్కు, కన్ను, చెవి, మనస్సు ఒక్కొక్కటిగా దేహమును విడిచినను దేహము నిలిచినది. ప్రాణము కదలబోవగనే తక్కినవన్నియు తల్లడిల్లినవి. ఇది ఛాందోగ్యోపనిషత్తు చెప్పిన కథ.

గుండె ఆపరేషన్ చేయించుకొన్నవారికి ఈ సత్యము అనుభవమున తెలియును. బైపాస్ వంటి ఆపరేషన్లలో సాధారణముగా రొమ్ము నడిమి ఎముకను నిలువున కోసి, పిదప తీగలతో బిగింతురు. అది అతుకుకొనుటకు సుమారు 6 నుండి 12 వారములు పట్టును. ఆ దినములలో లోతుగా ఊపిరి పీల్చినను, దగ్గినను నొప్పియే. నొప్పికి వెరచి రోగి పైపైన ఊపిరి తీయును, దగ్గును అణచుకొనును. అందుచే ఊపిరితిత్తుల అడుగుభాగమున గాలి గదులు ముడుచుకొనును. కఫము నిలిచి న్యుమోనియాకు దారి తీయును.

మనలో కొందరు, "నొప్పిని ఓర్చుటయే తపస్సు, మాత్రలెందుకు?" అందురు. ఇది పొరపాటు. నొప్పిమందు సుఖము కొరకు మాత్రమే కాదు, శ్వాస కొరకు. డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు వేసికొని, నిదానముగా లోతైన ఊపిరి తీయవలెను. దగ్గునపుడు దిండును రొమ్మునకు హత్తుకొనవలెను. బంతులు లేచు పరికరము ఇచ్చియున్నచో అందులో ఊదరాదు, గాలిని లోనికి పీల్చవలెను. దినదినము కొంచెము కొంచెముగా నడక పెంచవలెను.

మ్రొక్కు తీర్చుకొను తొందరలో సాష్టాంగము చేయుట, నీళ్ల బిందె ఎత్తుట, శివరాత్రి జాతర త్రొక్కిసలాటలో దూరుట వలదు. నిలుచుండి చేతులు జోడించిన చాలును, స్వామి స్వీకరించును. కుంభకము, భస్త్రిక వంటివి డాక్టరు అనుమతి లేక చేయరాదు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్‌తో సహా 3 జిల్లాలలో మొదలై, తరువాత తక్కిన జిల్లాలకు విస్తరించి, పేదల ఇండ్లకును గుండె ఆపరేషన్ అందినది. ఇల్లు చేరిన పిదప సేవ మాత్రము మనదే. "నొప్పి ఎట్లున్నది?" అని అడుగుడు. ఆయాసము పెరిగినను, జ్వరము వచ్చినను, గాయము చీము పట్టినను, ఎముక కదలి చప్పుడైనను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవుడు.

శంభులింగము శిరస్సున ఎడతెగక ఊరు గంగవలె మన శ్వాసయు నిండుగా సాగవలెను. ఒక్కొక్క దీర్ఘశ్వాసకు ఒక్కొక్క శివనామము జోడింతము. అదియే ఆ దినముల అర్చన.

శుభం భూయాత్.