పాత చీటీ – నిద్ర మాత్ర
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మన ఇండ్లలో సారాయి ముట్టరు. సంతోషం. కానీ మత్తు సీసాలోనే వస్తుందా? దవా అనుకొని మింగే మాత్రలోనూ వస్తుంది.

మా అమ్మీకి నిద్ర పట్టక ఆదోనిలో డాక్టరు పది దినాలకు ఆల్ప్రజోలం రాసిచ్చినాడు. ఆ పాత చీటీతోనే రెండేండ్లు మాత్రలు తెచ్చిచ్చినాను. చదువు చెప్పేవాణ్ణి! అమ్మినవాడు ఒక్కనాడూ తేదీ చూడలేదు. చివరకు ఆమె తూలిపడి తుంటి ఎముక విరిగినది. అప్పుడు గాని సంగతి బయటపడలేదు. ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చునని చెప్పి, డాక్టరు కొంచెం కొంచెంగా తగ్గించి మాన్పించినాడు.

చట్టం లేక కాదు. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమలులో ఉన్నది. ఆల్ప్రజోలం, డయాజిపామ్, ట్రమడాల్ వంటివి అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చినదీ వేరే రిజిస్టరులో రాసి మూడేండ్లు ఉంచాలి. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపి ఎందరినో పాడుచేసినది ఈ ఆల్ప్రజోలమే. 2025 మార్చిలో మన రాష్ట్రమంతటా మందుల షాపులు తనిఖీ చేసినారు. అయితే తనిఖీదారు వచ్చేది ఎప్పుడో ఒకసారి. షాపుకు పోయేది రోజూ మనమే.

కాబట్టి పాత చీటీతో మందు తేవద్దు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇయ్యొద్దు. పిల్లల చేత నిద్ర మాత్రలు తెప్పించొద్దు. ఇప్పటికే అలవాటైనవారు సిగ్గుపడక డాక్టరుకు చెప్పుకోండి.

బడిలో పిల్లల తప్పులు దిద్దేవాణ్ణి. ఈ తప్పు నాది. మీరు చేయకండి. ఖుదా హాఫిజ్.