ఇంట కాఫీగింజలు వేయించుట

ఈ ప్రసంగము వినువారిలో కాఫీ ముట్టనివారును కొందఱుందురు. వారు రేడియో కట్టివేయ నక్కఱలేదు. కాఫీ త్రాగుడని చెప్పుటకు నేను రాలేదు. గింజలు వేయించు పనిని యంత్రమునకు అప్పగించిన పిదపను మనుష్యునికి మిగిలియుండు పని యేమో, దానిని నేర్చుటలో నేనెంత చిక్కుపడితినో చెప్పుదును.

నా చిన్ననాట మా యింట వారమున కొకమాఱు పెరటిలో బొగ్గుల కుంపటి వెలిగెడిది. దానిమీద ఇనుపగొట్టము, దానికొక పిడి. మా అమ్మ పీటమీద కూర్చుండి ఆ పిడిని త్రిప్పుచుండెడిది. ఆమెయొద్ద గడియారము లేదు. అరిసెలకు బెల్లపుపాకము చూచినట్లే దీనికిని పాకము చూచెడిది. “ఇంక లేతగానున్నదిరా, మఱి నాలుగు త్రిప్పులు” అనెడిది. ఆ నాలుగు త్రిప్పుల లెక్క ఆమెకెట్లు తెలిసెనో నేనడుగలేదు. అడుగవలసినదని తోచునప్పటికి ఆమె లేదు.

ఉద్యోగవిరమణానంతరము నేను హైదరాబాదులో టోలిచౌకియందు మా అబ్బాయి యింట నున్నాను. అతడు దాపుననున్న ఫిల్మునగరులో చలనచిత్రములకు శబ్దము కూర్చు పని చేయుచున్నాడు. నిరుడు అతడొక యంత్రము తెచ్చి వంటగది గట్టుమీద నుంచెను. ఆవకాయ జాడీకంటె పెద్దది కాదు. లోపల చిల్లులుగల గొట్టము విద్యుచ్ఛక్తిచే తిరుగుచుండును, వేడిగాలి దానిలోనుండి పోవుచుండును, పొట్టు పడుటకు అడుగున నొక పళ్లెము, చూచుటకొక అద్దము. ఒక వాయికి రెండువందల గ్రాములు పట్టును.

నేను ఆఱేండ్లు పాడేరు ప్రాంతమున తెలుగు పండితుడనుగా నుంటిని. అప్పటి నా శిష్యుడొకడు ఇప్పుడు తన తండ్రి కాఫీతోట చూచుకొనుచున్నాడు. యంత్రము సంగతి విని అతడొక కిలో పచ్చిగింజలు పంపెను. కిలో యన్న స్వల్పముగా తోచును. మొక్క నాటిన మూడు నాలుగేండ్లకుగాని కాపు రాదు. పండినవానినే ఏఱి కోయవలెను. తొక్క తీసి, జిగురు పోవ కడిగి, ఎండలో ఆరబెట్టవలెను. రమారమి ఆఱు కిలోల పండ్లకు ఒక కిలో గింజ తేలును. తూర్పు కనుమలలో ఈ పంట క్రొత్తది కాదు. 1898లో తూర్పుగోదావరి మన్యమున పాములేరు లోయలో ఆంగ్లేయులు మొదట నాటించిరి. 1960 నుండి అటవీశాఖవారు తోటలు వేసిరి. పిమ్మట గిరిజనులు తమ చెలకలలో సిల్వరు ఓకు చెట్ల నీడను పెంచుకొనిరి. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది.

ఇట్టి సొత్తులో మొదటి రెండువందల గ్రాములను నేను బొగ్గు చేసితిని.

అది జరిగిన విధము చెప్పెదను. యంత్రముతో వచ్చిన చిన్నపుస్తకములో ఇన్ని నిమిషములని వ్రాసియున్నది. పుస్తకమున నున్నది గదాయని నమ్మితిని. పొగ రాకుండ పొయ్యిమీది గాలిపంకా వేసితిని. ఆ పంకా హోరులో వినవలసిన చప్పుడు వినబడలేదు. పొగ మెట్లమీదికి ప్రాకెను. క్రింది అంతస్తులోని పెద్దమనిషి, జెడ్డాలో చాలకాలము పనిచేసి వచ్చినవారు, “మాస్టర్ సాబ్, ఇల్లు అంటుకొన్నదా?” యనుచు పరుగున వచ్చిరి. సంగతి తెలిసి నవ్వి, అరబ్బుల యిండ్లలో గింజలను లేతగా వేయించి, ఏలకులతో కాచి, పాలు లేకయే చిన్న గిన్నెలలో పోయుదురనియు, వారు దానిని గహ్వా యందురనియు చెప్పిరి. మన కాఫీ యను మాటకు మూలమదియే. బాబా బుడన్ యను ఫకీరు యెమను దేశమునుండి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. అంత దూరమునుండి వచ్చిన గింజను నేను పుస్తకము చూచి మాడ్చితిని.

పాకము నెఱుగుటకు మన వైద్యగ్రంథములు మంచి త్రోవ చూపినవి. ఔషధతైలము కాచుటలో మృదువు, మధ్యమము, ఖరము అని మూడు పాకములు చెప్పి, అవి దాటినది దగ్ధమనిరి. తైలములోని కల్కమును కొంచెము తీసి నిప్పులో వేయవలెను. చిటపటలు లేకున్న పాకము సిద్ధించినట్లు. (కవుల ద్రాక్షాపాకము, కదళీపాకము వేఱు; ఆ చర్చలోనికి దిగితినా నాకిచ్చిన వ్యవధి చాలదు.) కాఫీకిని చెవియే సాక్షి, కాని లెక్క తలక్రిందు. ఇక్కడ చప్పుడు పుట్టవలెను.

పచ్చిగింజలో నూటికి పది పండ్రెండు పాళ్లు నీరుండును. వేడి తగులగా గింజ పసుపుపచ్చనగును. అప్పుడు ఎండుగడ్డి వాసన. తరువాత గోధుమవన్నె, కాల్చిన రొట్టె వాసన. వేడి సుమారు 200 డిగ్రీలు చేరునప్పటికి లోని ఆవిరి నిలువజాలక గింజను పగుల్చును. పేలాలు పేలినట్లు టప్పు టప్పుమని వినబడును. ఈ మొదటి పేలుడు తీఱిన వెంటనే ఆపినచో మృదుపాకము, గహ్వా అట్టిది. ఇంకను పోనిచ్చినచో 225 డిగ్రీల దరిదాపున రెండవ పేలుడు వచ్చును. అది సన్నము, ఎండుటాకులు నలిగినట్లుండును. గింజమీద నూనె మెఱయును. అది ఖరపాకము. మన ఫిల్టరు కాఫీకి రెండింటి నడుమ ఆపుట నాకు నచ్చినది. ఆ నడిమి కాలము కొలది నిమిషములే. గింజ తడి, వాయి తూకము, ఆనాటి విద్యుత్తు బలము, వీనినిబట్టి అది మాఱుచుండును. పుస్తకములోని నిమిషములు చాలకపోవుట కిదియే కారణము.

మా యింటిదానికి నీటికాసుల వ్యాధిచేత చూపు మందగించినది. వంటయింటి పనులొక్కటొక్కటే ఆమె చేతినుండి జాఱిపోయినవి. ఆమె దానినిగూర్చి మాటాడదు. రెండవ వాయినాడు పంకా వేయక కిటికీ తెఱచితిని. ఫ్లైఓవరుమీది బండ్ల మ్రోతలో నాకేమియు తెలియలేదు. ప్రక్కగదినుండి ఆమె వచ్చి, “ఏమండీ, వినబడలేదా? పేలుట ఆగినది. వాసన తిరుగుచున్నది, ఆపండి” అనెను. ఆపితిని. సరిగా నున్నది. చిత్రకథలలో అడుగుల చప్పుడు కూర్చు మా అబ్బాయికిని ఆనాడు అది వినబడలేదు.

అప్పటినుండి తెల్లవాఱుజామున నాలుగున్నరకు, బండ్లు కదలకమునుపే వేయింతుము. ఆమె యంత్రము ప్రక్క కుర్చీలో కూర్చుండును. మీటలు నొక్కుట నా వంతు.

చేయదలచినవారికి కొన్ని జాగ్రత్తలు. పొట్టుపళ్లెమును ప్రతి వాయికి ఖాళీ చేయుడు. ఎండిన పొట్టు త్వరగా అంటుకొనును. లోపల మంట కనబడినచో మూత తీయక విద్యుత్తు ఆపుడు. యంత్రమును విడిచి పోకుడు. దింపిన గింజను వెంటనే జల్లెడలో పోసి గాలికి చల్లార్చుడు. లేకున్న తన వేడిలో తానే ఉడుకుచుండును. ఆనాడే సీసాలో బిగింపరాదు. వాయువు వెలువడుచుండును. రెండువందల గ్రాములు నూట డెబ్బదికి దిగినచో తూకము తగ్గెనని అంగడివానిని నిందింపకుడు. ధనము మిగులునని నేననను. యంత్రము లేనివారికి ఇనుపమూకుడు చాలును. ఇథియోపియాలో స్త్రీలు అతిథుల యెదుటనే పెనముమీద వేయింతురు.

సంక్రాంతికి శిష్యుడు వచ్చెను. మాడ్చిన సంగతి దాచక చెప్పితిని. అతడు గ్లాసు పుచ్చుకొని సగము త్రాగి, “మాస్టారూ, ఇది మా తోటదేనా?” యనెను. వారి యింట ఉదయమున చోడి అంబలి, సాయంకాలమున తేనీరు. గింజ యంతయు సంతకు పోవును. తండ్రి బ్రదికియుండగా ఒక్కనాడును దీనిని రుచి చూడలేదట. మిగిలిన గింజలను మరలో ఆడించి అతని తల్లికని పొట్లము కట్టి యిచ్చితిమి. వారము తరువాత ఫోనులో ఆమె మాటాడెను. ఎట్లున్నదని మా యింటిది అడుగగా, చేదుగానున్నది, బెల్లము రెండింతలు వేసికొంటిని, వాసన మాత్రము వీథి చివఱకు పోయినదని చెప్పెను.