జైలు గోడ అవతల ఉన్నవారి కోసం



స్కాలర్‌షిప్పుల లెక్క, రంజాన్ రేషన్ లెక్క కార్యదర్శి గారు చదివారు. నేను ఇంకో ఖర్చు అడగడానికి నిలబడ్డాను. శిక్ష పడ్డవాళ్ల కోసం చందా అంటే కొందరి ముఖాలు మారతాయని తెలుసు. అందుకే ముందు మన దగ్గర జరిగిందే చెబుతాను.

2007 డిసెంబరు 27న, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో, హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న మన బిడ్డను చంపేశారు. పేరు మీకు తెలుసు. అలాంటి కేసుల్లో పేరు బయటపెట్టవద్దంటుంది చట్టం, కనుక నేను పలకను. మరుసటి ఏడాది ఆగస్టులో సత్యంబాబు అనే పేద దళిత యువకుణ్ని అరెస్టు చేశారు. నరాల జబ్బుతో అతను నడవలేని స్థితికి వచ్చాడు. 2010 సెప్టెంబరులో విజయవాడ మహిళా కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది.

కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఇక ఊరట పడి ఇంట్లో కూర్చోవచ్చు. కూర్చోలేదు. ఈ అబ్బాయి నేరం చేయలేదు, అసలు దోషులు వేరే ఉన్నారని ఆ తల్లి చెబుతూనే వచ్చింది. అతను మన మతం వాడు కాదు, బంధువూ కాదు. పౌరహక్కుల సంఘాల వారు తోడు నిలిచారు. 2017 మార్చి 31న హైదరాబాదు హైకోర్టు అతణ్ని నిర్దోషిగా తేల్చి, లక్ష రూపాయలు ఇవ్వమంది. రాజమండ్రి జైలు నుంచి బయటికొచ్చేసరికి ఎనిమిదేళ్లు దాటాయి. లక్షను ఆ నెలలతో భాగించి చూశాను, నెలకు వెయ్యి కూడా పడలేదు.

నిర్దోషి లోపల ఉన్నన్నాళ్లూ అసలు దోషిని వెతికేవారు లేరు. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో సమాధి తవ్వి మళ్లీ పోస్టుమార్టం చేశారు. ఆ తల్లి అదీ భరించింది.

మనవాడా కాదా అని అడిగేవారికి, సూరా నిసా 105వ ఆయతు దగ్గర ఆలిమ్‌లు చెప్పే సందర్భం గుర్తుచేస్తాను. మదీనాలో ఒకడు కవచం దొంగిలించి నేరం ఒక యూదుడి మీదకు నెట్టాడు. తెగవాళ్లు వాణ్ని వెనకేసుకొచ్చారు. వహీ ఆ యూదుడి నిర్దోషిత్వాన్ని చాటింది.

ఇక పని సంగతి. సెషన్స్ కోర్టు వేసిన జైలు శిక్ష మీద హైకోర్టుకు అప్పీలు చేయడానికి గడువు 60 రోజులు. ఖైదులో ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఉంది. చాలా ఇళ్లకు ఈ రెండూ తెలియవు. నేను లాయరును కాను. ఒకసారి ఒక ముసలమ్మకు తోడుగా ములాఖత్‌కు వెళ్లాను. కూలి మానుకుని వచ్చింది. ఇంగ్లిషు తీర్పును కొడుకు చదవలేడు, ఆమె చదవలేదు. గడువు దాటిపోయిందని మాకు ఆ రోజే తెలిసింది. ఆలస్యాన్ని మన్నించమని కోర్టును అడగొచ్చు, కానీ అడగమని చెప్పేవారు కావాలి కదా!

అందరూ నిర్దోషులే అనను. నెలకొకరోజు ఒక లాయరును కూర్చోబెట్టి కాగితాలు చదివిద్దాం, పస ఉన్న కేసులే తీసుకుందాం. బస్సు ఛార్జీలు, నకళ్ల ఖర్చు మనం పెట్టుకుందాం. జకాత్ సొమ్ము ముట్టుకోకుండా సదఖా నుంచే నడపవచ్చు. ఏ మతం వారని దరఖాస్తులో అడగవద్దని నా మనవి.

రసీదు పుస్తకం కార్యదర్శి గారి దగ్గర ఉంది. మీ వీధిలో ఇలాంటి ఇల్లు ఉంటే, వచ్చే జుమా నాటికి ఆ తీర్పు కాగితాలు కూడా పట్టుకురండి.