రెల్లు పిల్లనగ్రోవి దుఃఖము

(ముద్దనూరులో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది వేళ పారశీక కవిత్వమెందుకని మీలో కొందరడుగవచ్చును. కడప పెద్ద దర్గాలో ఉరుసునాడు ఖవ్వాలీ వినినవారికి ఈ సంగతి అంత దూరము కాదు. ప్రియుని యెడబాటును పాడుట ఆ పాటలకు పారశీక సూఫీ కవులనుండి వచ్చిన ఆస్తి. వారిలో జలాలుద్దీన్ రూమీ (1207–1273) వేదనను మనోవిశ్లేషణ దృష్టితో పరిశీలించుటకు మేము పూనుకొంటిమి.

రూమీ కొన్యా పట్టణమున బోధకుడు. 1244లో షమ్స్ అను దేశసంచారి వచ్చి ఆయన బ్రతుకును తారుమారు చేసెను. మూడు నాలుగేండ్లకే షమ్స్ కనబడకుండ పోయెను. రూమీ దమస్కు వరకు పోయి వెదకెను, దొరకలేదు.

ఫ్రాయిడ్ 1917లో ప్రచురించిన వ్యాసములో రెండు దుఃఖములను వేరుచేసెను. మొదటిది వియోగ దుఃఖము. పోయినదేమో మనిషికి తెలియును, లోకము శూన్యమగును. రెండవది విషాద రోగము. పోయినదేమో సరిగా తెలియదు, శూన్యమగునది తానే. పోయినవారిమీది కోపము లోపలికి తిరిగి తన్నే నిందించుకొనును.

రూమీ మహాకావ్యము 'మస్నవీ' రెల్లు పిల్లనగ్రోవి మొరతో ఆరంభమగును. ఏ దుబ్బునుండి తన్ను కోసిరో దానికి తెలియును. కనుక అది ఏడ్చునే గాని తన్ను నిందించుకొనదు. ఇక గజళ్లలో చాలవాటికి రూమీ తన పేరుకు బదులు షమ్స్ పేరే పెట్టెను. విషాద రోగి పోయినవానిని లోన నిలుపుకొని శిక్షించును. రూమీ లోన నిలుపుకొని పాడించెను. ఈ తేడాయే ముఖ్యమని మా అభిప్రాయము.

మస్నవీని రూమీ చెప్పగా హుసాముద్దీన్ వ్రాసెడివాడు. మొదటి సంపుటి ముగిసిన పిమ్మట హుసాముద్దీన్ భార్య మరణించెను. పని సుమారు రెండేండ్లు ఆగి, 1264లో మరల మొదలాయెను. గ్రంథమునకేమి నష్టము? ఆరు సంపుటములు, సుమారు 25,000 ద్విపదలు వెలువడెను గదా!

మన యిండ్లలోనో, భర్త పోయిన స్త్రీతో మూడవనాడే "ఏడవకమ్మా, విశ్వాసివి" అందుము. పల్లెల్లో చావింట ఆడవారు పోయినవాని గుణములను ఒక్కొక్కటే యెత్తి శోకాలు తీయుదురు. చదువుకొన్నవారికి అది మోటు. పోయినదేమో నోట పలికించు ఆ శోకమును మానిపించినచో దుఃఖము పోదు, లోపలికి తిరుగును. విలాపవాక్యములని మన బైబిలులో ఒక గ్రంథమే యున్నది.

అట్లని వేదనను పూజించుటయు ప్రమాదమే. బాధలో రహస్యముగా రుచి వెదకు మనస్సును గూర్చి ఫ్రాయిడ్ 1924లో వ్రాసెను. సూఫీ కవిత్వమంతయు ఆ దోషమునకు అతీతమని మేము చెప్పము. తాగివచ్చిన భర్త కొట్టు దెబ్బలను సిలువయని ఓర్చుకొమ్మని ఒక బిడ్డకు చెప్పుటకు రూమీని గాని, మరెవరిని గాని సాక్షిగా పిలువరాదు. ఆమె పోగొట్టుకొన్నదేమో ముందు ఆమెను చెప్పనిండు.

ఫ్రాయిడ్ కుమార్తె సోఫీ 1920లో ఇన్‌ఫ్లుయెంజాతో మరణించెను. 1929లో ఆయన, కుమారుని పోగొట్టుకొన్న మిత్రుడు బిన్స్‌వాంగర్‌కు జాబు వ్రాయుచు, అట్టి ఖాళీ పూర్తిగా నిండదనియు, నిండినను అది వేరొకటియే యగుననియు ఒప్పుకొనెను. సోఫీ బ్రతికియున్నచో ఆమెకు అప్పటికి 36 ఏండ్లు.