కాగితమా, యంత్రమా? బాలబాలికల యారోగ్య విచారణ
(పఠన మందిరమున చదివిన యుపన్యాసము)



పదునాలుగేండ్ల బాలుని పిలిచి, “నాయనా, నీవు బీడీ కాల్చుదువా?” అని పెద్దవారెవ్వరైన నడిగినచో లేదనియే చెప్పును. కాల్చువాడును లేదనును, కాల్చనివాడును లేదనును. ఆ యుత్తరమువలన వానికి పెద్దలయెడ భయము కలదని తెలియునేగాని వాని యలవాటు తెలియదు. ఈ చిక్కు నెరిగియే ప్రభుత్వములు పేరు వ్రాయ నక్కరలేని ప్రశ్నపత్రములను బడులలో పంచి, పిల్లలచేతనే గుర్తులు పెట్టించు పద్ధతి నవలంబించినవి. పొగాకు, మద్యము, తిండి, నిద్ర, ఆటలు, కొట్లాటలు, మనోవ్యథ, ప్రాణము తీసికొనవలెనను తలంపు, ఇవియన్నియు నందడుగబడును. వీనిలో పెక్కింటిని గూర్చి తల్లిదండ్రుల నడిగి లాభము లేదు, వారికే తెలియదు.

ఇప్పుడా కాగితము తొలగి, టాబ్లెట్లును ఆన్‌లైన్ ప్రశ్నావళులును వచ్చుచున్నవి. అచ్చు ఖర్చు తగ్గును. కట్టలు మోయు శ్రమ తప్పును. ఉత్తరములు వెంటనే లెక్క కెక్కును. ఈ లాభములను మేము కాదనము. మా సందేహము వేరు. సాధనము మారినపుడు పిల్లవాని యుత్తరము మారునా? మారినచో నిన్నటి లెక్కను నేటి లెక్కతో పోల్చుట యెట్లు? పొగత్రాగు బాలుర సంఖ్య తగ్గినదని ఒక యేడు ప్రకటించిరనుకొనుడు. తగ్గినది పొగయా, లేక నిజము చెప్పుటయా? దీనిని తేల్చుకొనకయే ఆ లెక్కను నమ్మి వైద్యమునకును, బోధనకును ధనము కేటాయించువారు చీకటిలో బాణము వేయుచున్నవారే.

ఈ ప్రశ్నను శ్రద్ధతో పరీక్షించినవారిలో అమెరికా దేశస్థులు ముఖ్యులు. అచ్చటి వ్యాధి నియంత్రణ కేంద్రమువారు, అనగా సీడీసీవారు, 1991లో మొదలిడి రెండేండ్లకొక పర్యాయము హైస్కూలు విద్యార్థుల యలవాట్లను దేశవ్యాప్తముగా విచారించుచు వచ్చిరి. వారు 2008లో ఒక ప్రత్యేక పరీక్ష గావించిరి. 9, 10 తరగతుల పిల్లలను, తరగతిని విడదీయకుండ, చీట్లు వేసినట్లు పంచి, కొన్ని తరగతులకు కాగితమును, కొన్నిటికి కంప్యూటరును ఇచ్చిరి. 5,227 మంది యుత్తరములను పోల్చి చూడగా, 74 అలవాట్లలో ఏడింటియందు మాత్రమే సాధనమునుబట్టి భేదము కనబడెను. తక్కిన 67 విషయములలో కాగితముమీద నేమి చెప్పిరో యంత్రముమీదను ఇంచుమించుగా నదియే చెప్పిరి.

అట్లయిన నింక నుపన్యాసమెందుకు, ఇంటికి పోవచ్చును గదా యని మీరనవచ్చును. కొంచెము తాళుడు. ఆ పరీక్షలోనే మరియొక భాగము కలదు. కొన్ని తరగతుల పిల్లలకు, మీ కనువైన వేళ, మీకు దొరికిన కంప్యూటరుమీద మీరే పూర్తి చేయుడని చెప్పి పంపిరి. తరగతిలో కూర్చుండబెట్టినపుడు కాగితమిచ్చినను కంప్యూటరిచ్చినను పిల్లలు చక్కగా పాల్గొనిరి. ఇష్టమునకు విడిచినపుడు మాత్రము పాల్గొన్నవారి సంఖ్య బొత్తిగా పడిపోయెను. మరియు, తరగతిలో కంప్యూటరుమీద వ్రాసినవారికంటె కాగితముమీద వ్రాసినవారే తమ యుత్తరము లితరుల కంటబడవని యెక్కువ నమ్మకము కలిగియుండిరి. యంత్రమే రహస్యమును కాపాడునని తలచువారు ఈ మాటను గమనింపవలయును.

దీనికి ముందే 1998లో వెలువడిన రెండు పరిశోధనలు ఒకదానికొకటి యెదురు తిరిగినట్లు కనబడును. మొదటిది 1995లో జరిగిన విచారణనుండి తేలినది. పదునైదు మొదలు పందొమ్మిది యేండ్లవరకుగల 1,672 మంది బాలురను వారి వారి యిండ్లలోనే విచారించి, కొందరికి కాగితమును, కొందరికి చెవులకు తగిలించుకొను గొట్టములతో ప్రశ్నలను వినిపించు కంప్యూటరును ఇచ్చిరి. తోటి మగవారితో లైంగిక సంబంధము కలిగినదా యన్న ప్రశ్నకు కాగితముమీద నూటికి 1.5 మంది యవునన్నచోట, యంత్రముమీద 5.5 మంది యవుననిరి. మాదకద్రవ్యములు, హింస మున్నగు విషయములందును యంత్రమునకే యెక్కువ నిజము దొరకెను. రెండవది మిన్నెసోటా రాష్ట్రపు బడులలో జరిగినది. అచ్చట నిందుకు తలక్రిందులు: బడి కంప్యూటర్లముందు కూర్చున్న పిల్లలు కాగితము పట్టినవారికంటె తక్కువగా నొప్పుకొనిరి.

ఈ రెంటిలో ఏది సత్యము? రెండును సత్యమే యని మా యభిప్రాయము. ఇంటిలో తల్లి పక్కగదిలో నున్నది; అడుగుటకు వచ్చిన మనిషి యెదుట నున్నాడు. ప్రశ్న కాగితముమీద నున్నచో దాని నెవరైనను చదువగలరు; గొట్టము చెవిలో నున్నపుడు అది పిల్లవానికి తప్ప నెవ్వరికిని వినబడదు. అక్కడ యంత్రము తెరయైనది. బడిలోనో, కంప్యూటర్లు వరుసగా దగ్గర దగ్గర నుండును. నిలువుగా వెలుగుచుండు తెరను వెనుకవాడు మెడ చాచి చూడగలడు. అన్నిటిని కలుపు తీగ బడి కార్యాలయమునకే పోవుచున్నదని పిల్లవానికి తెలియును. కాగితమైనచో బల్లపై వెల్లకిల పరచి, మోచేయి యడ్డుపెట్టి, మడిచి పెట్టెలో వేయవచ్చును. అక్కడ కాగితమే తెరయైనది. పిల్లవాడు చూచునది సాధనమును గాదు, తన్నెవరు చూచుచున్నారన్నదానిని.

కాగితపు విచారణను నడపినవారు ఈ రహస్యమును కాపాడుటకు పడిన శ్రమ మెచ్చదగినది. బల్లలను ఎడముగా వేయింతురు. వ్రాసినదానిని కప్పుకొనుటకు వేరొక కాగితమిత్తురు. ఉపాధ్యాయుడు వరుసల నడుమ తిరుగరాదు. అన్నిటికంటె మాకు నచ్చిన సూక్ష్మమొకటి కలదు. సిగరెట్టు ముట్టనివానిని, దినమున కెన్ని కాల్తువని అడుగుట వ్యర్థము గదా! ఆ ప్రశ్నలను దాటి పొమ్మనుట సులభము. కంప్యూటరు దానంతటదియే దాటించును. కాని సీడీసీవారి పత్రములో అట్టి దాటవేత లేదు. ఏలన, దాటువాడు ముందుగా ముగించును. ఏ దురలవాటును లేనివాడు పదినిమిషములలో కలము క్రిందబెట్టును. ఇంకను వ్రాయుచున్నవాని వైపు తరగతియంతయు తిరిగి చూచును! కావున నందరును సుమారుగా నొకే వేళకు ముగించునట్లు ప్రశ్నలను కూర్చిరి. సౌకర్యముకొరకు దీనిని తీసివేయు యంత్రశిల్పి తాను తీసివేసినదేమో యెరుగడు.

పిల్లల చిలిపితనమును గూర్చి యొక మాట. 1994-95లో అమెరికాలో జరిగిన మరియొక విచారణలో, బడిలోని పత్రముమీద తమకు కృత్రిమావయవము కలదని గుర్తు పెట్టిన పిల్లలను తరువాత ఇండ్లకు పోయి చూడగా, దాదాపు అందరికిని కాలుసేతులు చక్కగానే యున్నవి. కాగితమైనను, టాబ్లెట్టైనను ఈ వ్యాధికి మందు కాదు. ఉత్తరముల పొందికను పరీక్షించుటయే దారి.

సాధనమును మార్చుటలో తెలివైన పద్ధతి యెట్టిదో కూడ అమెరికాలోనే చూడవచ్చును. 1975 నుండి బడి పిల్లల మాదకద్రవ్యముల వాడుకను విచారించుచున్న ‘మానిటరింగ్ ది ఫ్యూచర్’ వారు 2019లో సగము బడులకు కాగితమును, సగము బడులకు టాబ్లెట్లను ఇచ్చి, రెంటిని పోల్చి, భేదము స్వల్పమని నిశ్చయించుకొనిన పిమ్మట 2020లో కాగితమును విడిచిరి. సీడీసీవారు 2023లో గాని తమ దేశవ్యాప్త విచారణను టాబ్లెట్టునకు మార్చలేదు. కాగితమును విడుచుటకు వారు తొందరపడలేదు.

ఇక మన దేశము మాట. 2007లో సీబీఎస్‌ఈ బడులలో ప్రపంచారోగ్య సంస్థ పద్ధతిని విద్యార్థుల యారోగ్య విచారణ జరిగినది. 2019లో నాలుగవ యువజన పొగాకు విచారణను ముంబయిలోని జనాభా శాస్త్ర సంస్థవారు నడపి, 987 బడులలో 97,302 మంది విద్యార్థులను విచారించిరి. పదుమూడు మొదలు పదునైదేండ్ల వారిలో నూటికి 8.5 మంది పొగాకు వాడుచున్నట్లు తేలినది. జాతీయ కుటుంబారోగ్య విచారణలో 2015-16 నుండి చిన్న కంప్యూటర్లు ప్రవేశించినవి. కాని అచ్చట యంత్రము అడుగువారి చేతిలో నుండును, ఉత్తరము నోటితోనే చెప్పవలెను. యంత్రము వచ్చినదని చెప్పువానికి చాటు వచ్చినట్లు కాదు.

మాకు భయము కలిగించునది వేరొకటి. ఫోనునకు ఒక లంకె పంపి, పిల్లలచేత ఇంటివద్దనే నింపించుట మనవారికి మిక్కిలి చౌకగా తోచును. 2023లో పదునాలుగు మొదలు పదునెనిమిదేండ్ల వారిని గూర్చి ‘అసర్’ వారు గావించిన పరిశీలనలో, స్మార్టుఫోను వాడనేర్చిన మగపిల్లలలో నూటికి 43.7 మందికి సొంత ఫోను కలదు, ఆడపిల్లలలో 19.8 మందికి మాత్రమే కలదు. అనగా అయిదుగురు బాలికలలో నలుగురు తండ్రి ఫోనో, అన్న ఫోనో అడిగి తీసికొనవలయును. “ఈ పన్నెండు మాసములలో ప్రాణము తీసికొనవలెనని తలంచితివా?” అను ప్రశ్న అన్న చేతనుండి పుచ్చుకొన్న ఫోనులో వెలుగును. దానికాపిల్ల యేమని గుర్తు పెట్టును? పైగా ఆ లంకె తెరచుటకు ముందు ఫోను నంబరును, దానికి వచ్చు ఓటీపీని అడుగు ప్రశ్నావళులు కలవు. పేరు వ్రాయనక్కరలేదని పైన అచ్చువేసి, క్రింద నంబరు పుచ్చుకొనుట మాకు హాస్యాస్పదముగా తోచుచున్నది. పిల్లలకును అట్లే తోచును.

కావున మా పట్టణపు బడులలో ఇట్టి విచారణ జరుపుటకు వచ్చువారిని, కాగితమా యంత్రమా యని మేము ముందుగా అడుగము. పిల్లలను బడిలోనే కూర్చుండబెట్టుదురా? నలుగురు కూర్చుండు బల్లమీద ఇద్దరినే కూర్చుండబెట్టుదురా? ఉపాధ్యాయుని దూరముగా నిలుపుదురా? టాబ్లెట్టయినచో దానిని బల్లమీద పరచి యుంతురా, నిలిపి యుంతురా? పిల్లవాని నంబరు దేనినైన నందులో చేర్చుదురా? వెనుకటి విచారణ కాగితముమీద జరిగియుండినచో, ఈ పర్యాయము సగము తరగతులకైనను కాగితమే యిచ్చి పోల్చి చూతురా? ఈ ప్రశ్నలను వ్రాసి ఈ పఠన మందిరపు బల్లపై నుంచినాము. బడి పాలక సంఘములందున్న మిత్రులు ప్రతులు తీసికొనిపోవచ్చును.